కాకి ముక్కుకు మామిడిపండు

నవ్వడానికి సిద్ధంగా కూర్చోండి. పన్నెండో తరగతి చదివే రోజుల్లో నేను ఒక నిండు సంసారాన్ని వీధిన పడేసిన వైనం చెప్పబోతున్నాను. ఒకరి కొంప ముంచాలంటే తాగుడో, పేకాటో, కోర్టు వ్యవహారమో కావాలని మీరనుకుంటారు. అవన్నీ చేతకానివాళ్ల పద్ధతులు. నేను ఒక పక్షి తోకను కాస్త పొడుగు చేశాను, అంతే. దాంతో ఒక సబ్బుల కార్ఖానా మూతపడింది, ఒక మేనమామ ముసలితనం మీద పడుతుండగా నౌకరీకి పోయాడు, ఒక మహా చిత్రకారుడు రైల్వేలో గుమాస్తా అయ్యాడు. ఆ మహా చిత్రకారుణ్ని నేనే. అప్పుడే జాలిపడకండి, చివరిదాకా వింటే చెప్పు తీస్తారు.

ఆ రోజుల్లో మల్టీపర్పస్ బడులని ఉండేవి. పన్నెండో తరగతి దాకా చదువు. లెక్కలు రానివాడూ, సైన్సు పేరు చెబితే జ్వరం తెచ్చుకునేవాడూ తలదాచుకోవడానికి అందులో కమర్షియల్ ఆర్టు అని ఒక విభాగం పెట్టారు. పోస్టర్లు, లేబుళ్లు, ట్రేడుమార్కులు వెయ్యడం నేర్పేవారు. ఇప్పుడు మా మనవరాలు అదే చదువును విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ అంటోంది. అంత పొడుగు పేరు అప్పుడే ఉండి ఉంటే మా నాయిన భయపడి నోరు మూసుకునేవాడు. ఉప్పల్‌లో మా వాడకట్టు మొత్తానికీ అది "బొమ్మల క్లాసు".

మా నాయిన మల్కాజిగిరి స్టేషన్‌లో పార్సిలాఫీసులో పనిచేసేవాడు. సైకిలు దిగి, గోడకు ఆనించిన నా పోస్టర్లను చూసి రోజూ ఒకే పాట పాడేవాడు.

"పన్నెండో తరగతికొచ్చి బొమ్మలేందిరా? మీదికి సదువుతున్నవా, కిందికి సదువుతున్నవా?"

"ఇది కమర్షియల్ ఆర్టు నాయినా. దీని మీద పట్నంల పెద్ద కాలేజీ ఉన్నది."

"గివి ఏస్తే కడుపు నిండుతదా?"

"నిండుతది."

"ఎవనిది?"

ఈ ప్రశ్నకు జవాబు తర్వాత వచ్చింది, ఆ జవాబు కూడా నాయినే చెప్పాడు. అక్కడిదాకా వద్దాం.

మా కామేశ్వరరావు మాస్టారు గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. తెల్ల పంచె, దాని మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. ఆయన నాకు దేవుడు. బోర్డు మీద చెయ్యి వేసి ఆయన చెప్పిన మాట ఈ రోజుకీ చెవుల్లో ఉంది.

"బొమ్మంటే ఏమిటోయ్? అక్షరం ముక్క రానివాడు కూడా చూడగానే ఇది ఫలానా అని ఠక్కున చెప్పాలి. చెప్పలేకపోయాడనుకో, అది బొమ్మ కాదు, మరక!"

ఎంత గొప్ప మాట! ఎంత నిజం! నన్ను నాశనం చేసింది ఈ నిజమే. అబద్ధమైతే ఏదో ఒక చోట తప్పించుకునేవాణ్ని.

ఇక మా లింగయ్య మామ. మా అమ్మకు సొంత తమ్ముడు. నాచారంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, రెండు పెద్ద ఇనుప బానలు పెట్టి, నలుగురు పనివాళ్లతో బట్టల సబ్బు చేసేవాడు. ఇప్పనూనె, వేపనూనె, కాస్టిక్ సోడా కలిసి ఉడుకుతుంటే ఆ వాసన ఎదురుగాలిలో హబ్సిగూడ దాకా కొట్టేది. పెళ్లికి పోయినా మామ వచ్చాడని చూడకుండానే తెలిసేది. సబ్బు మాత్రం నికార్సైనది. ధోబీలు దానిమీద ప్రాణం పెట్టేవాళ్లు.

ఆ సబ్బు అసలు పేరు రామచిలుక సబ్బు. కార్ఖానా మొదలుపెట్టినప్పుడు మామ ప్రెస్సుకు పోయి, "రామచిలుక ముక్కుల మామిడిపండు పెట్టుకున్నట్టు ఒక బొమ్మ గావాలె" అన్నాడు. అచ్చు బ్లాకు చెక్కినవాడు ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ తోకకు చోటు చాల్లేదని అక్కడికక్కడే కత్తిరించాడు. ముక్కు వంపు మరిచిపోయాడు. రంగు సిరా ఖరీదెక్కువని మొత్తం నల్లగా కొట్టాడు. తయారైంది ఏమిటో చెప్పక్కర్లేదు కదా? కాకి ముక్కుకు దొండపండు అని సామెత. మా మామ సబ్బు మీద కాకి ముక్కుకు మామిడిపండు. ఆ పండు కూడా బొగ్గుముక్కలా ఉండేది.

కింద రామచిలుక అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది. కానీ కొనేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఎందరు? చదవడం రానివాడికి అది మూడు భాషల్లోనూ కాకే. ఉప్పల్ నుంచి చర్లపల్లి దాకా ఏ దుకాణంలో అడిగినా "కాకి సబ్బియ్యి" అనే అడిగేవాళ్లు.

సబ్బు అమ్ముడుపోయేది, మామ పరువు పోయేది. ఆయన్ను అందరూ కాకి లింగయ్య అనేవారు. పెళ్లి విందులో ఎవరో "కాకి లింగయ్యకు ఇంకో లడ్డు ఎయ్యిన్రి" అంటే ఆకు ముందు నుంచి లేచి వచ్చేశాడట. అన్నిటికన్నా పెద్ద దెబ్బ వాళ్ల నాయిన తద్దినం రోజు తగిలింది. గోడ మీద పిండం పెట్టి అందరూ కావు కావుమని పిలుస్తున్నారు. ఒక్క కాకీ రాలేదు. ఎండ ఎక్కుతోంది, ఆకలి దంచుతోంది. అప్పుడు ఒక ముసలాయన విసుగ్గా, "ఓ లింగయ్యా, నీ సబ్బు మీదున్నదాన్నే జర పిలువరాదు?" అన్నాడు. పురోహితుడితో సహా అందరూ నవ్వారు.

ఆ సాయంత్రమే మామ ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చాడు. కొంగుతో మొహం తుడుచుకుంటూ వెనకాల నర్సమ్మ అత్త.

"అల్లుడా, నువ్వు బొమ్మల సదువే గద సదువుతున్నవు? గీ కాకిని చిలకను జెయ్యి."

"జేస్త మామా."

"రంగులల్ల గావాలె. బొంబాయి కంపెనీ సబ్బు సూసినవా? లారీ మీద మైకు వెట్టుకొని తిరుగుతున్నరు. ఏం కాయిదం అది, తళతళ మెరుస్తది! దాని ముంగట మన కాకి ఎన్నొద్దులు నిలవడ్తది? నువ్వు చిలకను జేసినవనుకో, మీ నాయినతోని నేనే మాట్లాడుత. పట్నంల బొమ్మల కాలేజీల నిన్నేసే పూచీ నాది. కార్ఖానా నడిస్తె నీ సదువు నడుస్తది."

నాకు నేలమీద కాళ్లు ఆనలేదు. అత్త మాత్రం గుమ్మంలోనే నిలబడి మూతి తిప్పింది.

"నడిసే ఎద్దును పొడుస్తరా ఎవలన్న? కాకంటే కాకనిరాదు! అమ్ముడువోతుందా లేదా?"

మామ గుండె మీద చెయ్యి వేసుకుని, "కాకోలె కలకాలం బతుకుడు కన్న హంసోలె ఆర్నెల్లు బతికితే సాలు!" అన్నాడు.

ఈ సామెత పుట్టించిన మహానుభావుడు ఎవరో గానీ ఎదురైతే నేను ఒకటే అడుగుతాను. అయ్యా, ఆర్నెల్లు అయిపోయాక హంస పెళ్లాం ఏం వండుకోవాలి?

పనిలో దిగాను. మాస్టారు ఏం చెప్పారు? చూసి వెయ్యమన్నారు. చిలకను ఎక్కడ చూడాలి? ఉప్పల్ చౌరస్తాలో చిలక జోస్యం చెప్పేవాడు ఉన్నాడు. అతని ముందు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. "ఊరికె సూస్తానంటె నడవదు సారూ, జోస్యం అడిగితెనే పిట్ట పంజరంల నుంచి బయటికొస్తది" అన్నాడు. ముక్కు వెయ్యడానికి ఒక జోస్యం, రెక్కకు ఒక జోస్యం, తోకకు రెండు జోస్యాలు చెప్పించుకోవలసి వచ్చింది. ఆ చిలక ఎన్నిసార్లు బయటికి వచ్చినా తిప్పి తిప్పి ఒకటే చీటీ తీసింది. నా చేతి మీదుగా పదిమంది అన్నం తింటారట. దాని నోట్లో మన్ను పడ.

బొమ్మ తయారైంది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు, మెడలో గులాబీ పట్టీ, ముక్కులో బంగినపల్లి మామిడి, కిందికి జారిన పొడుగాటి తోక. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"శభాష్‌రా! పసివాడు కూడా చిలక అంటాడు. ఇదేనోయ్ మన చదువుకు ఫలం. పరీక్షకు దీన్నే పెట్టు."

మల్కాజిగిరిలో యాదగిరి ప్రెస్సు. కొత్త లేబుళ్లు కట్టలు కట్టలుగా కొట్టి ఇచ్చాక యాదగిరి బల్ల సొరుగులోంచి పాత బ్లాకు తీశాడు.

"దీన్నేం జెయ్యమంటవు లింగన్నా? తీస్కపోతవా?"

మామ నా వైపు చూశాడు. చదువుకున్నవాణ్ని కదా. నేను ముక్కు మూసుకోవడం ఒక్కటే తక్కువ.

"గది మాకెందుకన్నా? కండ్ల ముంగట ఉండొద్దు. నువ్వే ఉంచుకో, లేకుంటే పడేయ్."

ఇదీ అసలు ఘనకార్యం. పాత లేబుళ్లు మిగిలినవన్నీ మామ ఇనుప బాన కింద మంటలో వేశాడు. కాకులు గుంపుగా కాలిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను.

కొత్త సబ్బు దుకాణాలకు చేరింది. నేను పొగడ్తలు వినడానికి ఉప్పల్‌లో వెంకటేశం కిరాణా దుకాణం బెంచీ మీద పొద్దున్నే తిష్ఠ వేశాను. మొదటి బేరం మల్లమ్మవ్వ. ఆమెది బట్టలుతికే వృత్తి, మా వాడకట్టు బట్టలన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి.

"ఓ సేటూ, కాకి సబ్బు ఇయ్యి."

వెంకటేశం కొత్త సబ్బులు తీసి ముందు పెట్టాడు. మల్లమ్మవ్వ వాటిని ముట్టుకోలేదు.

"గిదేంది? నేనడిగింది కాకి సబ్బు."

"గదే అవ్వా ఇది. పైన కాయిదం మార్చిన్రు."

"కాకేది మరి? గిది చిలక గద."

నా గుండె పొంగిపోయింది. చదువు రాని అవ్వ, చూడగానే, ఠక్కున! మాస్టారు ఉండి ఉంటే నన్ను ఎత్తుకునేవారు. ఆగలేక బెంచీ మీంచి దూకాను.

"అవ్వా, నిజంగనే చిలక లెక్క ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. అచ్చం చిలకనే. అందుకే నాకొద్దు."

"ఎందుకొద్దు? లోపల సబ్బు గదే!"

"గదే అయితె గదే కాకి ఉండాలె గద. వేరే ఆడిది కొత్త చీర గట్టుకొనొచ్చి నేనే నీ కోడలినంటె ఇంట్లకు రానిస్తనా?"

"మా మామనే జేసిండు అవ్వా, నా మాట నమ్ము. ఇగో, ఈడ పేరు రాసి ఉన్నది, సదువు!"

"నాకు సదువొస్తదా? నేనుతికేటివి జనం బట్టలు బిడ్డా. రేపు సీరె రంగు వోతె నీ చిలకొచ్చి మాట వడ్తదా?"

వెంకటేశం దిగులుగా నన్ను చూసి, ఆమెకు బొంబాయి కంపెనీ సబ్బు తీసి ఇచ్చాడు. వారం తిరక్కముందే ఊరంతా ఒకటే మాట. కాకి సబ్బు పేరు చెప్పి ఎవడో దొంగ చిలక సబ్బు అమ్ముతున్నాడట. దుకాణాల నుంచి పెట్టెలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి. మామ ఇంట్లో వంటింటి దాకా చిలకలే. అత్త వాటి మధ్యలోంచి దారి చేసుకుని పొయ్యి దగ్గరికి పోయేది. పోతూ పోతూ నన్ను చూసిన చూపుకు చెట్టు మాడిపోతుంది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను ఆ ఏడాది క్లాసులో ఫస్టు. అంటే నా మతి ఎంత దూరం పోయిందో మీరే లెక్క వేసుకోండి.

"అల్లుడా, ఏదన్న జెయ్యి. పనోళ్ల మొహాలు సూడలేకపోతున్న" అన్నాడు మామ.

"ఫికర్ జెయ్యకు మామా. జనానికి సంగతి తెల్వదు, తెలిసేటట్టు జెప్పాలె. రాతతోని గాదు, బొమ్మతోని."

నాచారం చెరువు పక్కన ధోబీలు రోజూ నడిచే దారిలో ఒక పెద్ద గోడ ఉంది. దాని మీద ఎడమవైపు నల్లని కాకి వేశాను, దాని మీద అడ్డంగా రెండు ఎర్ర గీతలు కొట్టాను. కుడివైపు చిలక, దాని కాళ్ల కింద సబ్బు. అర్థం మీకు తెలిసింది కదా? ఇకమీదట కాకి బదులు చిలక అని. నాకూ తెలిసింది. మాస్టారు వచ్చి చూసి, ఒక్క అక్షరం లేకుండా ఎంత చెప్పావురా అన్నారు. ఒక్క మనిషికి మాత్రం తెలియలేదు. సబ్బు కొనే మనిషికి.

నేను నిచ్చెన మీద ఉండగానే కింద మాటలు వినిపించాయి.

"కాకి మీద ఎర్ర గీతలేందిరా?"

"కొట్టేసిన్రు. కాకి సబ్బు బందయిందట."

"ఎందుకట?"

"ఏమో, దాంట్ల ఏందో కలిపిన్రట."

"అరె, గందుకే మా నాయినకు చేతులు దురద వెడ్తున్నయి!"

నిచ్చెన మీంచి అరిచాను, "ఏం కలపలే! గదే సబ్బు!" అని. ఒకడు తలెత్తి, "నువ్వే గద కొడ్తివి గీతలు?" అన్నాడు. నా చేతిలో ఎర్ర రంగు కుంచె ఉంది.

ఆ మాట ఉప్పల్ చేరేసరికి సర్కారువాళ్లు కార్ఖానాకు తాళం వేశారు. చర్లపల్లి చేరేసరికి లింగయ్యను ఠాణాకు పట్టుకుపోయారు. మర్నాడు పొద్దున అత్త అన్న ఘట్‌కేసర్ నుంచి బస్సు దిగి, ఏడుస్తూ వచ్చి చెల్లెల్ని పట్టుకున్నాడు.

"బావను ఎప్పుడిడుస్తరటనే చెల్లె?"

అత్త తాపీగా వెనక్కి చెయ్యి చూపించింది. మామ పీట మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు.

"నన్నెవలు వట్టుకపోయిన్రు బావా?" అన్నాడు మామ ముద్ద నోటి దగ్గర ఆపి.

"నీ అల్లుడు" అంది అత్త.

నవ్వండి, నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నవ్వడం అదే చివరిసారి.

నలుగురు పనివాళ్లలో ఇద్దరు మానేశారు. చిలకా వద్దు, రాజయోగమూ వద్దు, మళ్లీ కాకినే వేసుకుందామని నేనూ మామా మల్కాజిగిరి పరుగెత్తాం. యాదగిరి తల గోక్కున్నాడు.

"పడేయమంటివి గదనే తమ్మీ! చర్లపల్లోడొకడు సబ్బుల పని మొదలువెట్టిండు. బ్లాకు సూసి అడిగితె ఇచ్చేసిన."

మేము తిరిగి వచ్చేసరికే వెంకటేశం దుకాణంలో కాకి వాలి ఉంది. అదే మొండి తోక, అదే బొగ్గు మామిడి. చర్లపల్లివాడు తెలివైనవాడు, రామచిలుక అన్న పేరు తీసేసి దర్జాగా "అసలైన కాకి సబ్బు" అని వేసుకున్నాడు. మల్లమ్మవ్వ పోగొట్టుకున్న మేకపిల్ల దొరికినట్టు దాన్ని కొంగులో కట్టుకుంటోంది.

"వెంకటేశం, గా కాకి నాది!" అన్నాడు మామ.

"నీదేనే లింగన్నా, నాకెర్కలేదా? గని ఊరంత సూసేటట్టు గోడ మీద నువ్వే గద కొట్టేసుకుంటివి."

మామ దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పక్కన నిలబడి, "నేను మళ్ల ఏస్త మామా, అచ్చం గదే కాకిని" అన్నాను.

ఇంటికి పోయి వెయ్యడం మొదలుపెట్టాను. వేశాను, చించాను, మళ్లీ వేశాను. రాలేదు! నేను వేసిన ప్రతి కాకీ చక్కగా, నీటుగా, ఇప్పుడే ఎగిరిపోయేట్టు వచ్చింది. ఆ బ్లాకువాడు పరధ్యానంలో చేసిన తప్పు నా చేతికి చచ్చినా రాలేదు. రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నది ఆ తప్పు చెయ్యకుండా ఉండడమే కదా. కుంచె విసిరికొట్టి ఏడ్చాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

పరీక్షలు వచ్చాయి. పట్నం నుంచి వచ్చిన పరీక్షకుడు నా చిలక ముందు చాలాసేపు నిలబడి, "ఇది మార్కెట్లోకి వెళ్లిందా?" అని అడిగాడు.

"వెళ్లింది సార్."

"మంచి ప్రభావం ఉండి ఉంటుంది."

"చాలా ఉంది సార్."

అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఆ సర్టిఫికెట్టు ఇంటికి తెచ్చిన వారంలోనే మామ ఇనుప బానలు తూకానికి అమ్మేశాడు. షెడ్డు రేకులు విప్పేశాడు. నాచారంలోనే కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరాడు. తన కింద నలుగురు పనిచేసిన మనిషి, సైరన్ కూత వింటే ఉలిక్కిపడి టిఫిను డబ్బా పట్టుకుని పరుగెత్తడం నేర్చుకున్నాడు. పట్నంలో బొమ్మల కాలేజీ మాట ఆయన ఎత్తలేదు. నేనెట్లా ఎత్తను?

నాయిన నన్ను మల్కాజిగిరి తీసుకుపోయి, తన సాహెబు కాళ్లావేళ్లా పడి పార్సిలాఫీసులో కూర్చోబెట్టాడు. ఆ రోజు సైకిలు మీద తిరిగి వస్తూ అన్నాడు.

"బొమ్మలేస్తే కడుపు నిండుతదా అంటే నిండుతదంటివి. నిజమే కొడుకా. చర్లపల్లోనిది నిండింది."

నా ఉద్యోగ జీవితమంతా నేను గీసింది పెట్టెల మీద బాణం గుర్తులు. పైకి ఎటు, కిందికి ఎటు అని. హమాలీలు వాటిని తలకిందులుగానే దించేవాళ్లు. ఆ మాత్రం మర్యాద నా కళకు ఎప్పుడూ దక్కింది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఆదివారం మామ ఇంటికి పోయాను. నల్లా దగ్గర కూర్చుని ఫ్యాక్టరీ చొక్కా ఉతుక్కుంటున్నాడు. పక్కనే సబ్బు కాగితం, దాని మీద మొండితోక కాకి.

"మామా, గీ సబ్బు వాడుతున్నవా?"

"మరేం జెయ్యాలె? దుకాణంల కాకి సబ్బియ్యిమన్న, గిదిచ్చిండు." సబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇప్పనూనె తక్కువేసిండు. మనసొంటి సబ్బు గాదు. కాకి మాత్రం మనదే."

తల తిప్పుకున్నాను. ఇంట్లో గోడ మీద, దేవుడి పటం పక్కన, నా చిలక లేబులు అంటించి ఉంది. రంగులు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"గది ఎందుకు మామా ఆడ?"

"నీకు ఫస్టు మార్కులు వచ్చిన బొమ్మ గదరా" అన్నాడు మామ, చొక్కా పిండుతూ. "మస్తుగున్నది. నేను సచ్చినా ఎవలు తియ్యొద్దన్న."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! రెండు దెబ్బలు వేసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మామ పోయాక పిండం పెట్టిన రోజు. గోడ మీద ఆకు పరిచి, అందరం దూరంగా నిలబడ్డాం. ఒక కాకి వచ్చింది. గోడ చివర వాలింది. పిండం వైపు చూడదు, తినదు, పోదు. కాకి ముట్టలేదంటే పోయినవాడికి మనసులో ఏదో ఉండిపోయిందని కదా మన నమ్మకం. ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

"నర్సమ్మను మంచిగ సూస్కుంటం బావా, ఫికర్ జెయ్యకు" అన్నాడు అత్త అన్న. కాకి ముక్కు గోడకు రాసుకుంది.

"నీ తద్దినం ఏ ఏడు తప్పిపోనియ్యం" అన్నారు ఇంకెవరో. కాకి అటు తిరిగింది.

ఎండ నెత్తికెక్కింది. అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఆ సంగతి ఒక్కసారి కూడా సూటిగా అడగలేదు.

"ఎవల మాట కోసం కూసున్నదో ఎర్క లేదా? పో అల్లుడా, జెప్పు."

తడిబట్టలతో గోడ దగ్గరికి నడిచాను. చేతులు జోడించాను. నాకంటే వయసులో చిన్నవాళ్లు చాలామంది చూస్తున్నారు, అయినా గట్టిగానే అన్నాను.

"మామా, ఈ చేతితోని ఇంకెన్నడు ఏ కాకిని చిలకను జెయ్య. ఎవని తోక సరిదిద్ద. పాతది ఏదీ పడేయమని ఎవలకూ జెప్ప. ఒట్టు."

కాకి నన్నొకసారి తల వంచి చూసింది. చటుక్కున దూకి, పిండం మధ్యలో పొడిచి పెద్ద ముద్ద ముక్కున కరుచుకుంది.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"సూసినవా," అంది, "ఆఖరికి గా కాకే అక్కరకొచ్చింది."

ఆ ఒట్టు ఈ రోజు దాకా తప్పలేదు. తప్పే ధైర్యం కూడా లేదు. మా వరండా ఎదురుగా కరెంటు తీగ మీద రోజూ ఒకటి వచ్చి కూర్చుంటుంది.